ఒక టూల్‌లో 3,920 లింకులు, ఇంకో దాంట్లో 1,150, గూగుల్‌లో 96 సైట్లు. ఏది నమ్మాలి?

లక్కపిడత | ఆదివారం, రాత్రి 9:48

అందరికీ నమస్కారం అండి. మాది ఏటికొప్పాక పక్క ఊరు. మా చిన్నాన్న వాళ్ళు చేసే లక్క బొమ్మల కోసం ఒక సైటు నడుపుతున్నాను. 2014లో బ్లాగ్‌స్పాట్‌లో సరదాగా మొదలుపెట్టి, 2019లో సొంత డొమైన్ కొని వర్డ్‌ప్రెస్‌కి మార్చాను. ఎక్కువగా బొమ్మల ఫొటోలు, అంకుడు కర్ర గురించి, రంగులు ఎలా తీస్తారు అన్న వ్యాసాలు, కింద వాట్సాప్ నంబరు, అంతే.

2022లో హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి 18 వేలు ఇచ్చి "హై డీఏ బ్యాక్‌లింకులు", అంటే పెద్ద పేరున్న వేరే సైట్ల నుంచి మా సైటుకి లింకులు, పెట్టించాను. అప్పుడు ఏమీ తెలీదు, ఎక్సెల్ షీటు చూపిస్తే గొప్పగా అనిపించింది. ఇప్పుడు చూస్తే రోజుకి నలభై దాకా వచ్చే క్లిక్కులు పన్నెండుకి పడిపోయాయి.

ఎందుకో చూద్దామని ఒక పెయిడ్ టూల్ ట్రయల్ తీసుకున్నాను. 3,920 బ్యాక్‌లింకులు, 310 సైట్ల నుంచి అంది. ఇంకో ఫ్రీ టూల్ 1,150 లింకులు, 205 సైట్లు అంది. సైటు నడిపేవాళ్ళకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో 2,480 లింకులు, కానీ సైట్లు 96 మాత్రమే. పెయిడ్ టూల్ దీనికి తోడు 62 శాతం సైట్ల లింకులు "టాక్సిక్", అంటే హానికరం, అని ఎర్రగా చూపిస్తోంది. రెండు రోజుల నుంచి నిద్ర లేదు. ఆ ఎర్రవన్నీ డిసావో చేసేయమంటారా, అంటే వాటిని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పేయమంటారా?

మిర్చియార్డు | ఆదివారం, రాత్రి 10:05

18 వేలకి ఎన్ని బొమ్మలు అమ్మాలండీ... నేనూ ఇలాగే ఒకసారి బుక్కయ్యా, నాది గుంటూరు కారం సైటు. ఏమీ డిసావో చేయకండి ముందు. ఎర్రగా కనిపించినవన్నీ కారం కాదు.

సాలెగూడు | ఆదివారం, రాత్రి 10:52

లక్కపిడత గారూ, ముందు నిద్రపోండి. ఈ లెక్కలు ఎందుకు కలవవో చెప్తాను.

ఒక పెళ్ళికి ఎంతమంది వచ్చారు అని అడిగారనుకోండి. వంటాయన విస్తళ్ళు లెక్కపెట్టి చెప్తాడు. వీడియో అబ్బాయి తన కెమెరాలో పడిన మొహాలు లెక్కపెడతాడు. ఆడపెళ్ళివారు చదివింపుల పుస్తకం తీస్తారు. మూడు అంకెలూ వేరుగా ఉంటాయి, అయినా ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడట్లేదు. భోజనం చేయకుండా వెళ్ళినవాళ్ళు వంటాయనకి తెలీదు, చదివింపులు ఇవ్వనివాళ్ళు పుస్తకంలో ఉండరు.

అహ్రెఫ్స్, సెమ్‌రష్, మోజ్, మెజెస్టిక్ లాంటి టూల్స్‌లో ప్రతిదానికీ వెబ్‌లో లింకులు పట్టుకుని తిరిగి పోగేసుకున్న సొంత ఇండెక్స్, అంటే జాబితా, ఉంటుంది. ఒక టూల్ క్రాలర్ (సైట్లన్నీ తిరిగే ప్రోగ్రామ్) వెళ్ళిన సైటుకి ఇంకోటి వెళ్ళకపోవచ్చు, వెళ్ళినా ఆర్నెల్ల క్రితం వెళ్ళి ఉండొచ్చు. పైగా చాలా సైట్లు తమ రోబోట్స్ ఫైల్లో ఈ క్రాలర్లని పేరు పెట్టి మరీ రావద్దంటాయి. అలాంటి సైటు మీకు లింకు ఇచ్చినా టూల్‌కి తెలిసే దారి లేదు. చచ్చిపోయిన లింకుల్ని ఒక టూల్ వెంటనే తీసేస్తుంది, ఇంకోటి ఉంచుకుంటుంది. మెజెస్టిక్ అయితే తాజావి ఒక ఇండెక్స్, పాతవన్నీ ఇంకో ఇండెక్స్ అని విడివిడిగా పెట్టింది, ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి అదే సైటుకి అంకె మారిపోతుంది.

సెర్చ్ కన్సోల్ గూగుల్ సొంత పుస్తకం, కానీ అందులో అన్ని పేజీలూ మీకు చూపించరు. అది నమూనా. నోఫాలో లింకులు, అంటే వీటికి నా పూచీ లేదని గూగుల్‌కి చెప్పే గుర్తున్నవి, కూడా అందులోనే కలిసి ఉంటాయి, వేరుచేసి చెప్పరు. అందులో కనబడింది కాబట్టి గూగుల్ దానికి విలువ ఇస్తోందనీ అనుకోకూడదు, అక్కడ కనబడలేదు కాబట్టి గూగుల్‌కి తెలీదనీ అనుకోకూడదు.

కాబట్టి ఏది నమ్మాలి అనే ప్రశ్న పక్కన పెట్టండి. మొత్తం అంకె వదిలేసి, ఎవరు ఇచ్చారు, ఏ పేజీకి ఇచ్చారు, ఏ మాటల మీద ఇచ్చారు, ఈ మూడు చూడండి. 310 సైట్లే కదా, ఒక ఆదివారం కూర్చుంటే కళ్ళతో చూసేయొచ్చు.

కూకట్‌పల్లి కుర్రాడు | ఆదివారం, రాత్రి 11:30

అన్నీ బానే చెప్పిండు అన్న. నేను ఇట్లాంటి ఒక ఏజెన్సీల రెండేండ్లు పనిచేసిన, లోపల ఎట్లుంటదో చెప్త. ఒక షీటు ఉంటది, అందుల మూడు నాలుగు వందల సైట్లు. ఫోరం ప్రొఫైళ్ళు, ఎవడూ చూడని డైరెక్టరీలు, గడువు తీరిన డొమైన్లు కొని పెట్టుకున్న మా సొంత బ్లాగులు. ప్రతి క్లయింటుకి అదే షీటు. బొమ్మలైనా, పళ్ళ డాక్టరైనా, ప్యాకర్స్ అండ్ మూవర్సైనా అదే. పేరు మారుస్తం, పంపుతం. "డీఏ 50 ప్లస్" అని రాస్తం, అది డొమైన్ అథారిటీ, మోజ్ వాళ్ళ అంకె, గూగుల్‌ది కాదు అని క్లయింటుకి చెప్పం.

అక్కా, మీరు యాంకర్ టెక్స్ట్ (లింకు పెట్టిన మాటలు) రిపోర్టు తెరిచి చూడుర్రి. ఒకే ఇంగ్లిష్ ముక్క వంద సైట్లల్ల కనబడితే అది మా బాపతే.

డాలస్ బాబాయి | సోమవారం, ఉదయం 6:15

నాకు ఒకటి అర్థం కావట్లేదు. నేను మా తెలుగు సంఘం సైటు చూస్తుంటాను. మా డొమైన్ రేటింగ్ 34. మీ లెక్కన ఆ 34కి ఏ విలువా లేదా? కమిటీ మీటింగులో అందరూ దాన్నే అడుగుతారు.

సాలెగూడు | సోమవారం, ఉదయం 8:40

బాబాయ్ గారూ, డొమైన్ రేటింగ్ అహ్రెఫ్స్ వాళ్ళది. సున్నా నుంచి వంద దాకా ఉండే లాగరిథమ్ కొలత. మీకు లింకు ఇచ్చిన సైట్ల బలం ఎంత, ఆ సైట్లు ఇంకెంతమందికి పంచాయి అన్నది చూసి లెక్కకడతారు. 20 నుంచి 30కి ఎక్కడం ఒక మెట్టు అయితే 70 నుంచి 80కి ఎక్కడం ఒక కొండ. మీ సైటుకి జనం వస్తున్నారా, మీరు రాసింది బాగుందా, ఇవేవీ అందులో లేవు. మోజ్ వాళ్ళ డొమైన్ అథారిటీ వేరే లెక్క, సెమ్‌రష్ వాళ్ళ అథారిటీ స్కోరు ఇంకో లెక్క, మెజెస్టిక్ ట్రస్ట్ ఫ్లో మరొకటి. ఒకదాని 34ని ఇంకోదాని 34తో పోల్చడం అంటే కిలోమీటర్లని కిలోగ్రాములతో పోల్చడమే.

ఈ అంకెల మోజు ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1998లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా, లింకుల్ని బట్టి పేజీకి విలువ కట్టే పేజ్‌ర్యాంక్ గురించి రాశారు. తర్వాత గూగుల్ టూల్‌బార్‌లో ఆ పేజ్‌ర్యాంక్‌ని పదికి ఇంత అని ఆకుపచ్చ గీతతో అందరికీ చూపించేది. జనం ఆ గీత చూసి లింకులు కొనడం, అమ్మడం మొదలుపెట్టారు. 2016లో ఆ చూపించడం పూర్తిగా ఆపేశారు. ఆ ఖాళీలోకి వచ్చిన ప్రైవేటు అంకెలే ఇవన్నీ. కమిటీకి చూపించుకోండి, తప్పులేదు, మీలాంటి నాలుగు సంఘాల సైట్లని అదే టూల్‌లో పక్కపక్కన పెట్టి చూడడానికి పనికొస్తుంది కూడా. అంతకు మించి అందులో ఏమీ వెతక్కండి.

మిర్చియార్డు | సోమవారం, ఉదయం 9:02

కిలోమీటర్లు కిలోగ్రాములు 😄 మా యార్డులో క్వింటాళ్ళు మాత్రమే.

లక్కపిడత | సోమవారం, రాత్రి 10:20

కుర్రాడు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే యాంకర్ రిపోర్టు చూశాను. "బై వుడెన్ టాయ్స్ ఆన్‌లైన్" అనే ముక్క 138 సైట్లలో ఉంది! మా బొమ్మలకి ఆ ఇంగ్లిష్ ముక్కతో ఎవరు మాత్రం ప్రేమతో లింకు ఇస్తారు. అందులో సగం పేజీలు తెరిస్తే పేకాట, రుణాల యాప్‌లు, ఏదో రష్యన్ భాష. సిగ్గేసింది.

ఇంకోటి, తెలుగు వ్యాసాల లింకులన్నీ ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనబడుతున్నాయి. యాంకర్ కాలంలో ప్రశ్నార్థకాలు, డబ్బాలు. పేజీ అడ్రసుల్లో అయితే శాతం గుర్తులు, సున్నాలు, బీ లు ఒక మూరెడు. ఏ పేజీకి లింకు వచ్చిందో ఎలా తెలుసుకోవాలి?

సాలెగూడు | సోమవారం, రాత్రి 11:15

ఇది తెలుగువాళ్ళందరికీ వచ్చే తలనొప్పి. అవి రెండు వేరువేరు సమస్యలు.

డబ్బాలు కనబడడానికి కారణం, ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో ఉంటే ఎక్సెల్ దాన్ని ఇంకేదో అనుకుని తెరవడం. ఫైలు మీద డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ షీటు తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ ఫైలు తెచ్చుకునే దారిలో వెళ్ళి, ఫైల్ ఒరిజిన్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, పక్కన 65001 అని ఉంటుంది. లేదా ఆ ఫైలుని గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించేయండి, అక్కడ గొడవ తక్కువ.

శాతం గుర్తుల సంగతి వేరు. వెబ్ అడ్రసులో తెలుగు అక్షరం నేరుగా వెళ్ళదు, మూడు బైట్లుగా విడిపోయి ఒక్కో బైటుకి మూడు గుర్తుల చొప్పున తొమ్మిది గుర్తులు అవుతుంది. "బొమ్మ" అని రాస్తే మనకి రెండక్షరాలు, కంప్యూటర్‌కి బ, ఒత్వం, మ, పొల్లు, మ అని ఐదు ముక్కలు, అంటే 45 గుర్తులు. అందుకే మూరెడు. యూఆర్‌ఎల్ డీకోడర్ అని వెతికితే ఉచితంగా బోలెడు దొరుకుతాయి, కాలం మొత్తం అందులో వేసి మామూలు తెలుగులోకి తెచ్చుకోండి. దీనివల్ల అసలైన తేడా ఒకటి వస్తుంది. ఎవరైనా మీ తెలుగు అడ్రసుని వాట్సాప్‌లోంచో పీడీఎఫ్‌లోంచో కాపీ చేసి పెట్టినప్పుడు మధ్యలో తెగిపోతే ఆ లింకు 404కి, అంటే "పేజీ లేదు" అనే చోటికి, పోతుంది. అలాంటి తెగిన లింకులు మీకు కచ్చితంగా ఒకటో రెండో ఉంటాయి, చూడండి.

పాతకాపు | మంగళవారం, ఉదయం 7:30

ఈ చర్చ ఆలస్యంగా చూశాను. అమ్మా లక్కపిడతా, మీరు పాత బ్లాగ్‌స్పాట్ అడ్రసు కూడా ఆ టూల్‌లో వేసి చూశారా? చాలామంది కొత్త డొమైన్ ఒక్కటే చూస్తారు. తెలుగు బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే కూడలి, మాలిక లాంటి సంకలినుల రోజుల్లో మనవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకున్న లింకులన్నీ పాత అడ్రసులకే ఉంటాయి. అప్పట్లో డబ్బులకి ఎవరూ లింకు ఇచ్చేవారు కాదు, వ్యాఖ్య రాసి, నచ్చితే పక్కపట్టీలో పెట్టేసేవారు.

ఇంకో గమ్మత్తు ఉంది. 2012 ప్రాంతంలో ఇండియా నుంచి తెరిస్తే బ్లాగ్‌స్పాట్ అడ్రసు చివర డాట్ కామ్ బదులు డాట్ ఇన్ అని మారిపోయేది గుర్తుందా? మనం అడ్రస్ బారులోంచి కాపీ చేసి లింకు ఇచ్చేటప్పుడు డాట్ ఇన్ అనే పడేది. ఆ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ డొమైన్ 2020లో గూగుల్ చేయి దాటిపోయింది. ఆ రూపంలో ఉన్న లింకులు అప్పటి నుంచి మన బ్లాగులకి చేరడం మానేశాయి. బ్లాగు మాత్రం డాట్ కామ్‌లో అలాగే ఉంటుంది. పాత తెలుగు బ్లాగుల్లో ఇలా పోయిన లింకులు ఎన్నో.

డాలస్ బాబాయి | మంగళవారం, ఉదయం 7:55

అయ్యో, మా సంఘం పాత సావనీర్ల బ్లాగు అదే కదా. ఇప్పుడే చూస్తాను.

లక్కపిడత | మంగళవారం, రాత్రి 9:10

పాతకాపు గారూ, పాత అడ్రసు వేశాను, 41 సైట్ల నుంచి లింకులు వచ్చాయి! అందులో డాట్ ఇన్‌వి ఏడు. కొన్ని చూస్తే కళ్ళు చెమర్చాయి, పదేళ్ళ క్రితం ఎవరో మా తాతయ్య లేత్ మీద బొమ్మ తిప్పే ఫొటో గురించి పేజీడు రాశారు.

ఆ పాత బ్లాగుని కొత్త సైటుకి 301 రీడైరెక్ట్ (పాత అడ్రసుకి వచ్చినవాళ్ళని శాశ్వతంగా కొత్తదానికి మళ్ళించడం) పెట్టే దారి ఉందా?

ఇంకో వింత. పెయిడ్ టూల్‌లో ఉన్న 3,920లో 1,906 లింకులు ఒకే ఒక్క తెలుగు బ్లాగు నుంచి ఉన్నాయి. యాంకర్ "బొమ్మల అమ్మాయి సైటు". ఇది కూడా స్పామేనా? టూల్ దీన్ని కూడా అనుమానంగా పసుపు రంగులో చూపిస్తోంది, "ఒకే సైటు నుంచి అసహజంగా ఎక్కువ" అని.

పాతకాపు | మంగళవారం, రాత్రి 9:34

అమ్మా... ఆ బ్లాగు నాదే 🙏

మీరు కొత్త డొమైన్‌కి మారానని వ్యాఖ్య పెడితే 2019లో నా పక్కపట్టీలో అడ్రసు మార్చాను. "నాకు నచ్చినవి" అనే జాబితాలో ఉంటుంది. నేను 2008 నుంచి రాస్తున్నాను, ఎనిమిది వందల టపాలకు పైనే, వాటికి నెలవారీ పేజీలు, వర్గాల పేజీలు. ప్రతి పేజీలోనూ ఆ పక్కపట్టీ వస్తుంది కదా. నేను స్పామర్‌ని అని ఈ వయసులో తెలిసింది.

మిర్చియార్డు | మంగళవారం, రాత్రి 9:36

😂😂😂 దొరికాడు అసలు దొంగ

కూకట్‌పల్లి కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:41

సారు, మీరు ఇచ్చిన లింకులు మా ఏజెన్సీల అయితే 50 వేలు.

సాలెగూడు | మంగళవారం, రాత్రి 10:25

ఇది చాలా మంచి ఉదాహరణ. 1,906 లింకులు, ఒక్క సైటు. అందుకే లింకుల సంఖ్య కంటే రిఫరింగ్ డొమైన్ల, అంటే లింకు ఇచ్చిన సైట్ల, సంఖ్య చూడమంటారు. పక్కపట్టీలో, ఫుటర్‌లో ఉన్న లింకు ప్రతి పేజీలోనూ లెక్కలోకి వస్తుంది. టూల్స్ మధ్య తేడాకి ఇదే పెద్ద కారణం అయి ఉంటుంది. ఒక క్రాలర్ పాతకాపు గారి బ్లాగు మొత్తం తిరిగింది, ఇంకోటి కొంత తిరిగి వెళ్ళిపోయింది. మీ ఫ్రీ టూల్‌లో ఈ బ్లాగు నుంచి ఎన్ని ఉన్నాయో చూసి చెప్పండి, పందెం, ఐదారు వందలు దాటవు. చాలా టూల్స్‌లో "సైటుకి ఒక లింకు" అని వడపోసే మీట ఉంటుంది, మొదట అది నొక్కి తర్వాత చదవండి.

పసుపు రంగు సంగతి. టాక్సిక్ అనే మాట ఆ టూల్స్ వాళ్ళు పెట్టుకున్నది, గూగుల్ నుంచి వచ్చింది కాదు. కొన్ని గుర్తులు చూసి మెషిన్ ఊహిస్తుంది. పాతకాపు గారి బ్లాగులో బయటి లింకులు ఎక్కువ, డిజైన్ పాతది, ఒకే సైటు నుంచి వేల లింకులు, ఇవన్నీ కలిపి అనుమానం అంది. మనిషి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం.

301 గురించి: బ్లాగర్‌లో ఉన్న రీడైరెక్ట్ సెట్టింగు ఆ బ్లాగు లోపల పేజీల మధ్యే పనిచేస్తుంది, బయటి సైటుకి పనిచేయదు. కాబట్టి పాత బ్లాగు తీసేయకండి. లింకులు ఎక్కువ ఉన్న టపాలు ఓ పది ఎంచుకుని, పైన మొదటి వాక్యంలోనే "ఈ వ్యాసం ఇప్పుడు ఇక్కడ ఉంది" అని కొత్త పేజీకి లింకు ఇవ్వండి. డాట్ ఇన్ లింకులు పెట్టిన ఏడుగురిలో ఇంకా రాస్తున్నవాళ్ళు ఉంటే ఒక మెయిల్ పెట్టండి, మార్చేస్తారు.

లక్కపిడత | బుధవారం, రాత్రి 8:50

ఫ్రీ టూల్‌లో పాతకాపు గారివి 430. పందెం మీరే గెలిచారు.

మరి ఆ 138 చెత్త సైట్ల సంగతి? ఆ ఏజెన్సీకి ఫోన్ చేసి తీసేయమంటే, తీయడానికి ఒక్కో లింకుకి వంద రూపాయలట!

కూకట్‌పల్లి కుర్రాడు | బుధవారం, రాత్రి 9:15

ఒక్క రూపాయి ఇయ్యకు అక్కా. అది వాళ్ళ రెండో దుకాణం. నన్ను అడిగితే ఆ 138 డిసావో చేసెయ్. ఎవడో పెట్టినయ్ అయితే వదిలేద్దుము, గానీ ఇవి నువ్వు పైసలిచ్చి పెట్టించినవి. రేపు ఎవడన్నా గూగుల్ మనిషి చేత్తోటి చూసి మాన్యువల్ యాక్షన్, అంటే సైటుకి శిక్ష, ఇస్తే అప్పుడు లబోదిబో.

సాలెగూడు | బుధవారం, రాత్రి 10:00

నేను కొంచెం వేరేగా అంటాను. ముందు సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ పేజీ తెరవండి. అక్కడ ఏమీ లేదు అని ఉందా లేదా?

2012 ఏప్రిల్‌లో చెత్త లింకుల్ని పట్టే గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వచ్చినప్పుడు ఇలాంటి లింకులున్న సైట్లు నిజంగానే కూలిపోయాయి, అందుకే అదే ఏడాది అక్టోబరులో డిసావో టూల్ ఇచ్చారు. కానీ 2016 సెప్టెంబరులో పెంగ్విన్ మూల అల్గారిథమ్‌లో కలిసిపోయాక పద్ధతి మారింది, చెత్త లింకులకి సైటుని శిక్షించడం కంటే ఆ లింకులకి విలువ లేకుండా చేయడమే ఎక్కువ. 2022 డిసెంబరులో స్పామ్ పట్టే తమ ఏఐ స్పామ్‌బ్రెయిన్‌ని లింకుల మీదకి వదిలారు, అది లింకులు కొన్న సైట్లనీ, లింకులు పంచడానికే వాడే సైట్లనీ పట్టుకుంటుందని వాళ్ళే చెప్పారు. అంటే మీ 18 వేలు బహుశా అప్పుడే ఆవిరైపోయి ఉంటాయి, నష్టం అంతవరకే.

గూగుల్ సహాయ పేజీలో కూడా రెండు షరతులూ కలిస్తేనే డిసావో వాడమంటారు. స్పామ్ లింకులు గణనీయంగా ఉండాలి, వాటివల్ల మాన్యువల్ యాక్షన్ వచ్చి ఉండాలి లేదా వచ్చే అవకాశం ఉండాలి. కుర్రాడు అన్నది ఆ రెండోదాని కింద వస్తుంది, కాదనను. మీ మనశ్శాంతి కోసం ఆ 138 మాత్రం పెట్టినా తప్పులేదు. టూల్ ఎర్రగా, పసుపుగా చూపించినవన్నీ మాత్రం గుండుగుత్తగా ఎక్కించకండి, అందులో మంచివి కూడా పోతాయి. పాతకాపు గారు కూడా పోతారు.

పాతకాపు | బుధవారం, రాత్రి 10:04

బతికించారు.

కూకట్‌పల్లి కుర్రాడు | బుధవారం, రాత్రి 10:31

ఫైలు ఎట్ల చేయాల్నో నేను చెప్త. మామూలు నోట్‌ప్యాడ్ టెక్స్ట్ ఫైలు, వరుసకి ఒక సైటు, ముందర ఇంగ్లిష్‌ల డొమైన్ అని రాసి కోలన్ పెట్టి సైటు పేరు. ఒక్కొక్క పేజీ అడ్రసు రాస్తే రేపు ఇంకో పేజీల అదే లింకు ఉంటది, అందుకని డొమైన్ మొత్తం రాయాలె. ఒకటి యాది పెట్టుకో, కన్సోల్‌ల నీ సైటుని డొమైన్ ప్రాపర్టీ (సైటు మొత్తానికి ఒకటే పద్దు) తీసుకుంటే డిసావో టూల్ దాన్ని తీసుకోదు, యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ ప్రాపర్టీ (పూర్తి అడ్రసు రాసి పెట్టే పద్దు) వేరేగా కలపాలె. మళ్ళ ఇంకో ఫైలు ఎక్కిస్తే పాతది పోయి కొత్తదే ఉంటది, కలవదు. నేను ఒక క్లయింటుకి ఆ పని చేసి పాత లిస్టు అంత పోగొట్టిన.

చింతపిక్క | గురువారం, ఉదయం 11:12

మధ్యలో వస్తున్నా, ఒక డౌటు. ఈ పెయిడ్ టూల్స్ నెలకి వేలల్లో ఉన్నాయి కదా, టెలిగ్రామ్‌లో గ్రూప్ బై అని మూడొందలకే ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

సాలెగూడు | గురువారం, మధ్యాహ్నం 1:05

వద్దు. ఎవరిదో అకౌంటుని వందమంది పంచుకోవడం అది, టూల్ వాళ్ళ నిబంధనలకి విరుద్ధం, పైగా వాళ్ళిచ్చే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే మీ లాగిన్‌లు ఎవరి చేతిలో పడతాయో. మీ సొంత సైటు వరకు అయితే సెర్చ్ కన్సోల్ ఉచితం, అహ్రెఫ్స్ వెబ్‌మాస్టర్ టూల్స్ ఉచితం, సైటు మీదేనని నిరూపించుకుంటే చాలు. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్ కూడా ఉచితమే, దాన్ని మనవాళ్ళు అసలు పట్టించుకోరు కానీ అందులో పోటీ సైట్ల లింకులతో పోల్చుకునే వీలుంది.

లక్కపిడత గారూ, ఇది మీకు కూడా. చన్నపట్న బొమ్మలమ్మే సైటు ఏదైనా అందులో మీ పక్కన పెట్టి చూడండి, వాళ్ళకి ఎవరు లింకు ఇస్తున్నారో తెలుస్తుంది. ఇంతకీ మీ క్లిక్కులు ఏ నెలలో పడ్డాయి? లింకుల గొడవలో అది అడగడం మర్చిపోయాను. ఏజెన్సీ పని 2022ది కదా.

లక్కపిడత | గురువారం, రాత్రి 11:40

మాన్యువల్ యాక్షన్ ఏమీ లేదు, పచ్చ టిక్కు ఉంది. అమ్మయ్య.

క్లిక్కులు పడింది ఈ జూలైలో. మీరు అడిగాక క్యాలెండర్ చూశాను. జూలై మొదటి వారంలో థీమ్ మార్చాను, అప్పుడే పెర్మాలింకులు (పేజీల అడ్రసులు) కూడా "అందంగా" చేద్దామని తేదీలు తీసేసి తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చాను 🤦 పాత అడ్రసులన్నీ 404!

మిర్చియార్డు | గురువారం, రాత్రి 11:44

ఇదా సంగతి. వారం నుంచి ఏజెన్సీని తిడుతున్నాం.

సాలెగూడు | శుక్రవారం, ఉదయం 7:20

తిట్టడం వృథా పోలేదు లెండి.

ఇప్పుడు అసలు పని. టూల్‌లో "బెస్ట్ బై లింక్స్" లాంటి పేరుతో మీ సైటులో ఏ పేజీకి ఎక్కువ సైట్ల నుంచి లింకులు ఉన్నాయో చూపించే రిపోర్టు ఉంటుంది. దాన్ని 404 అని వడపోయండి. మీ సొంత పొరపాటు వల్ల గోడకి కొట్టుకుంటున్న మంచి లింకులన్నీ అక్కడ బయటపడతాయి. ప్రతి పాత అడ్రసునీ సరిగ్గా దాని కొత్త పేజీకి 301 పెట్టండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్ళించకండి, అలా చేస్తే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టే, తీసుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లో దీనికి ఉచిత ప్లగిన్లు ఉన్నాయి.

లక్కపిడత | శుక్రవారం, రాత్రి 10:15

చేశాను. 404లో ఉన్న పేజీల్లో మొదటిది ఏంటో తెలుసా, రంగుల వ్యాసం. పసుపు, నీలి, జాఫ్రా గింజల నుంచి రంగు తీసి లక్కలో కలపడం గురించి 2020లో రాసింది. దానికి 19 సైట్లు లింకు ఇచ్చాయి, యాత్రా బ్లాగులు, ఒక డిజైన్ విద్యార్థి ప్రాజెక్టు పేజీ, రెండు స్కూళ్ళు. నేను మాత్రం హోమ్ పేజీకి లింకులు కొన్నాను.

ఇంకో అడ్రసు నిజంగానే మధ్యలో తెగిపోయి ఉంది, సాలెగూడు గారు అన్నట్టే. దానికి కూడా 301 పెట్టాను.

కొత్త లింకుల గ్రాఫులో 2025 జనవరి చివర ఒక్కసారి పైకి లేచింది. ఎందుకా అనుకుంటే రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం మన ఏటికొప్పాక బొమ్మలదే కదా! ఆ వారం వెతికినవాళ్ళలో నలుగురు మా పేజీకి లింకు ఇచ్చారు. పేపర్ల వెబ్‌సైట్లు చాలా రాశాయి గానీ ఒక్కటీ ఎవరికీ లింకు ఇవ్వలేదు, మా ఫొటో వాడినవాళ్ళు కూడా.

పాతకాపు | శనివారం, ఉదయం 6:50

ఫొటో వాడిన చోట మర్యాదగా ఒక మెయిల్ రాయండి, ఫొటో కింద మూలం లింకు పెట్టమని. కొన్నయినా పెడతారు. తెవికీలో (తెలుగు వికీపీడియా) లింకు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వద్దు, అక్కడ బయటి లింకులన్నీ నోఫాలోనే, పైగా సొంత సైటు లింకు పెడితే మావాళ్ళు తీసేస్తారు. రంగుల గురించి మీకు తెలిసింది అక్కడి వ్యాసంలో ఆధారాలతో రాస్తే అది వేరు.

చింతపిక్క | శనివారం, ఉదయం 9:30

నోఫాలో అయితే అస్సలు ఉపయోగం ఉండదా?

సాలెగూడు | శనివారం, ఉదయం 10:10

2005లో మొదలైనప్పుడు గూగుల్ వాటిని లెక్కలోకి తీసుకునేది కాదు. 2019 సెప్టెంబరులో స్పాన్సర్డ్ (డబ్బిచ్చి పెట్టించినవి), యూజీసీ (వ్యాఖ్యల్లాంటి చోట చదువరులు పెట్టినవి) అని ఇంకో రెండు గుర్తులు తెచ్చి, మూడింటినీ ఇకపై సూచనలుగా చూస్తామన్నారు. లెక్కేసుకుంటారో లేదో మనకి కనబడదు. కానీ యాత్రా బ్లాగులో నోఫాలో లింకు నొక్కి వచ్చిన మనిషి బొమ్మ కొంటే ఆ డబ్బు నోఫాలో అవ్వదు కదా.

డాలస్ బాబాయి | ఆదివారం, ఉదయం 5:45

మా సావనీర్ల బ్లాగుకి డాట్ ఇన్ లింకులు 23 తేలాయి. పదమూడుమందికి మెయిళ్ళు పెట్టాను, ఆరుగురు మార్చారు, ఒకాయన ఫోన్ చేసి గంట మాట్లాడాడు. డొమైన్ రేటింగ్ ఇంకా 34 మీదే ఉంది, కమిటీకి ఇదంతా ఎలా చెప్పాలో.

లక్కపిడత | ఏడు వారాల తర్వాత, బుధవారం, రాత్రి 8:30

అందరికీ ఒక అప్‌డేట్. 301లు పెట్టిన మూడో వారం నుంచి రంగుల పేజీ మళ్ళీ కనబడడం మొదలైంది. క్లిక్కులు రోజుకి ముప్పై దాటాయి, నలభై ఇంకా లేదు. 138 సైట్ల డిసావో ఫైలు పెట్టాను, దానివల్ల మంచి జరిగిందో లేదో చెప్పలేను, రెండూ ఒకే వారం చేశాను. ఫొటోలు వాడిన ఐదుగురిలో ఇద్దరు లింకు పెట్టారు. చన్నపట్న సైటుకి లింకు ఇచ్చిన ఒక స్కూలుకి రాస్తే మా వర్క్‌షాపు చూడ్డానికి పిల్లల్ని తీసుకొస్తామన్నారు.

కానీ ఇవాళ పొద్దున పెయిడ్ టూల్ నుంచి ఎర్ర మెయిల్ వచ్చింది, "మీరు 1,905 బ్యాక్‌లింకులు కోల్పోయారు, వెంటనే చర్య తీసుకోండి" అని. పాతకాపు గారూ?

పాతకాపు | బుధవారం, రాత్రి 8:47

నేనేనమ్మా. అసహజం అన్నారు కదా అని పక్కపట్టీ మొదటి పేజీలో ఒక్కచోటే కనబడేట్టు మార్చాను. ఒక లింకు ఉంచాను చూడండి.